పెన్షన్ గ్యారంటీ లేని గవర్నమెంటు ఉద్యోగానికి ఇంకా అంత విలువుందా?

కొబ్బరితోట అమ్మాయి:
పది రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. తమ్ముడికి 26 ఏళ్లు. 2025 మెగా డీఎస్సీలో ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) వచ్చింది. నాన్నకి ముమ్మిడివరం వైపు రెండెకరాల రొయ్యల చెరువు ఉంది, ఇంకో నాలుగెకరాలు లీజుకి చేస్తున్నారు. "వీడు గట్టు మీద ఉంటే ఇంకో పదెకరాలు తీసుకుంటాను. పెన్షన్ కూడా లేని ఉద్యోగానికి 36 ఏళ్లు సుద్దముక్క పట్టుకోవడం ఎందుకు?" అని ఆయన మాట. అమ్మ అయితే ఇప్పటికే అయినవిల్లి వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చేసింది. తమ్ముడు ఎటూ తేల్చడం లేదు. సెంటిమెంట్లు పక్కన పెట్టి, లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి మాస్టారు:
అమ్మా, నేను పాత పెన్షన్‌లో రిటైరైనవాణ్ణి కాబట్టి నా మాట కాస్త తగ్గించుకుని విను. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 గీత. దానికి ముందు చేరినవాళ్లకి చివరి బేసిక్‌లో సగం పెన్షన్, దాని మీద కరువు భత్యం (డీఏ), పీఆర్సీ అంటే జీతాల సవరణ వస్తే అది కూడా పెరుగుతుంది, 70 దాటితే వయసుని బట్టి అదనపు పెన్షన్. తరువాత చేరినవాళ్లది సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్). బేసిక్, డీఏ కలిపి 10 శాతం మనం, 10 శాతం ప్రభుత్వం. రిటైరయ్యాక పోగైనదాంట్లో 60 శాతం చేతికిస్తారు, మిగతా 40 శాతంతో యాన్యుటీ, అంటే నెల నెలా డబ్బిచ్చే బీమా పథకం, కొనాలి.

ఉదాహరణకి 60 లక్షలు పోగయ్యాయనుకో. 24 లక్షలు యాన్యుటీకి పోతాయి. 6 శాతం వేసుకుంటే నెలకి 12,000. పదేళ్ల తరువాతా అదే 12,000. బియ్యం ధర మాత్రం అక్కడే ఆగదు. చివరి బేసిక్ 80,000 ఉన్న పాత పెన్షనర్‌కి 40,000తో మొదలై పెరుగుతూ పోతుంది. ఒకే స్కూల్లో, ఒకే స్టాఫ్ రూములో ఈ రెండు రకాల వాళ్లూ పక్కపక్కనే కూర్చుంటారు.

అన్నిటికన్నా నాకు బాధ 2003 డీఎస్సీ పిల్లల సంగతి. నోటిఫికేషన్ గీతకి ఇటు, పోస్టింగు గీతకి అటు. వాళ్ల తప్పు ఇసుమంత లేదు.

చెరువుగట్టు:
నేను 14 ఏళ్లుగా వనామీ రొయ్య వేస్తున్నాను. నా మాట వినండి చెల్లెమ్మా, కుర్రాణ్ణి జాయినవమనండి. మీ నాన్నగారు మంచి పంటలే గుర్తుపెట్టుకుంటున్నారు, మేమందరం అంతే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది. మన రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికాయే. ఆ కబురు ఇంకా టీవీలో చల్లారకముందే ఇక్కడ కొనేవాడు కౌంటు (కేజీకి ఎన్ని రొయ్యలు) రేటు తగ్గించేశాడు. వైట్ స్పాట్ వైరస్ వస్తే అంతకంటే ఘోరం, మేత ఖర్చు కూడా వెనక్కి రాదు.

ఒక్క రాత్రి చెప్తాను. కరెంటు పోయింది, జనరేటర్ స్టార్టవ్వలేదు, నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఆగాయి. టార్చి వేస్తే రొయ్యలన్నీ గట్టు వారన నీటి మీదికి వచ్చేసి మూతులు పెట్టి ఉన్నాయి. తెల్లారేసరికి చచ్చిన రొయ్యలతో నీళ్లు తెల్లబడ్డాయి. ఆ రోజు నేను ఎవరికి సెలవు చీటీ పెట్టాలి? ఏ పీఆర్సీ నన్ను ఆదుకుంటుంది? మాకు 60 దాటితే ఉన్నది ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000, అదీ అర్హత ఉంటే.

సచివాలయం బ్యాచ్:
అందరూ గవర్నమెంటు ఉద్యోగం అంటే కుర్చీ, ఫ్యాన్ అనుకుంటారు. మేం గ్రామ సచివాలయాల్లో 2019 అక్టోబరులో చేరాం. ప్రొబేషన్‌లో నెలకి 15,000. రెండేళ్లన్నారు, 2022లో గానీ స్కేలు రాలేదు. ఆ టైంలో నా స్నేహితుడు హైదరాబాదులో డెలివరీ బండి మీద నాకంటే ఎక్కువే సంపాదించాడు. డీఏలు పెండింగు, సరెండర్ లీవు (వాడని సెలవుల డబ్బు) బిల్లు పెడితే ఎప్పుడు పడుతుందో తెలీదు. 2022 పీఆర్సీలో మధ్యంతర భృతి 27 శాతం ఉంటే ఫిట్‌మెంట్ (బేసిక్ పెంపు) 23 శాతం ఇచ్చారు, రివర్స్ పీఆర్సీ అని ఫిబ్రవరి 3న విజయవాడ నిండిపోయింది గుర్తుందా? 2023లో జీపీఎస్ (గ్యారంటీడ్ పెన్షన్) చట్టం తెచ్చి చివరి బేసిక్‌లో సగం గ్యారంటీ అన్నారు, సంఘాలు ఒప్పుకోలేదు. కాబట్టి అమ్మాయిగారూ, కాగితం మీద బెనిఫిట్లు వేరు, చేతికొచ్చేవి వేరు.

పీఎఫ్ పద్మ:
తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. నేను భీమవరం పక్క ఒక రొయ్యల ప్లాంటులో అకౌంట్స్ చేస్తాను. కంపెనీ పేరు వద్దులే. 11 ఏళ్ల సర్వీసు. నువ్వు గొడవ పడుతున్న సీపీఎస్ మాకు కలలో కూడా రాదు. మా ఈపీఎఫ్ పెన్షన్ లెక్క చూడు: లెక్కలోకి తీసుకునే జీతానికి 15,000 సీలింగు, దాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగించాలి. 30 ఏళ్లు చేసినా, 20 దాటినందుకు కలిపే రెండేళ్లతో సహా నెలకి 6,857. కనీస పెన్షన్ 1,000, 2014 నుంచి అక్కడే ఉంది. జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ వైద్యం కూడా పోయింది. మీ సరెండర్ లీవు ఆలస్యంగా అయినా వస్తుంది. మా దగ్గర లీవు పెడితే ఆ రోజు జీతమే పోతుంది. రెండో కాన్పుకి నాకు ఎన్ని మాటలు పడ్డాయో చెప్పుకుంటే సిగ్గు.

సచివాలయం బ్యాచ్:
అక్కా, మీ బాధ నిజమే. కానీ మీకు తక్కువ ఇస్తున్నారని మాకు ఎక్కువైపోయినట్టు కాదు కదా.

పీఎఫ్ పద్మ:
నేనూ అదే అంటున్నాను. పిల్ల పుట్టినప్పుడు 180 రోజులు జీతంతో సెలవు ఒకరికి హక్కు, ఇంకొకరికి దయా? మీది తీసెయ్యమని నేననను, మాకూ పెట్టమంటాను.

ఏటవతలి యానాం:
ఇటు కూడా ఒక చెయ్యి వేస్తాను. మాది యానాం, పుదుచ్చేరి సర్కారు కొలువు. ఎదుర్లంక వంతెన దాటితే చాలు లెక్కలు మారిపోతాయి. మాకు కేంద్రం స్కేళ్లు. పిల్లల్ని చూసుకోవడానికి ఆడవాళ్లకి చైల్డ్ కేర్ లీవు సర్వీసు మొత్తం మీద 730 రోజులు, మీకు 180. కానీ మాకు 60కే రిటైర్మెంటు, మీకు 62. ఒకే ఏరు, ఒకే పులస, రెండు సర్వీసు రూల్సు. మా ఆవిడ అటు టీచరు, నేను ఇటు. సెలవుల విషయంలో మా ఇంట్లోనే రోజూ ధర్నా.

అవుట్‌సోర్సింగ్ అన్న:
ఎవరూ మమ్మల్ని తలుచుకోలేదు, అలవాటే. ఒక ఆఫీసులో తొమ్మిదేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. పక్క సీటాయన చేసే పనే చేస్తాను, ఆయన లీవు పెట్టిన రోజు రెండూ నేనే. సమాన పనికి సమాన వేతనం అని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రింటు తీసి డ్రాయరులో పెట్టుకున్నాను. ప్రింటరు కార్ట్‌రిడ్జి కూడా నేనే మార్చి తీసుకున్నాను. గవర్నమెంటు ఉద్యోగం విలువ పడిపోయిందా అని అడిగేవాళ్లు ఒక నెల మా సీట్లో కూర్చోండి.

గోదారి మాస్టారు:
బాబూ, నీ మాటకి నా దగ్గర జవాబు లేదు.

హెల్త్ కార్డు గురించి ఒక్క ముక్క చెప్తాను, ఎందుకంటే కుర్రాళ్లు దాన్నే పెద్ద లాభమనుకుంటారు. మా ఆవిడకి గుండె నొప్పి వచ్చింది. ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఈహెచ్ఎస్ కార్డు చూపిస్తే బెడ్లు ఖాళీ లేవన్నారు. డబ్బు కడతామనేసరికి రెండో అంతస్తులో బెడ్ దొరికింది. తరువాత రీయింబర్స్‌మెంట్‌కి బిల్లులు పెట్టుకుని తిరిగాను. పెట్టినదాంట్లో కొంతే వచ్చింది. అయినా నెల నెలా పెన్షన్ పడుతోంది కాబట్టి అప్పు చేసే ధైర్యం వచ్చింది. కార్డు కాదమ్మా, ఆ ఒకటో తారీకే నన్ను కాపాడింది.

చెరువుగట్టు:
అదీ మాట మాస్టారూ! నెలజీతం కాగితం చూపిస్తే బ్యాంకువాడు కుర్చీ వేస్తాడు. నా చెరువు కాగితాలు చూపిస్తే చెప్పులు బయట విప్పమంటాడు.

కొబ్బరితోట అమ్మాయి:
అందరికీ థ్యాంక్స్. ఇంట్లో ఇవన్నీ చదివి వినిపించాను. పద్మగారి 6,857 దగ్గర నాన్న ఒక నిమిషం మాట్లాడలేదు. బేసిక్ 32,670, దాని మీద డీఏ, మా పల్లెకి హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) 10 శాతం అంటే 3,267 అని తమ్ముడు పుస్తకంలో రాసి చూపించాడు.

ఒక చిక్కు మాత్రం ఎవరూ చెప్పలేదు, మా వలంటీర్‌గా చేసినబ్బాయి చెప్పాడు. తమ్ముడి పేరు మా రైస్ కార్డులోనే ఉంది. ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి ఉన్నట్టు తేలితే కార్డు పోతుంది, దాంతో నాన్నమ్మ పింఛనుకీ ముప్పు. నాన్నమ్మ ఆ 4,000 చూసుకునే గుట్కా మానేసి చిట్ కడుతోంది, నవ్వకండి. "వాడి పేరు వేరే కార్డులోకి మార్చండి" అని ఆవిడ పట్టు. మనవడికి ఉద్యోగం వచ్చినందుకు సంతోషం, కార్డు పోతుందని ఏడుపు, రెండూ ఒకే పూట.

పీఎఫ్ పద్మ:
పెళ్లి సంబంధాలు మొదలయ్యాయా?

కొబ్బరితోట అమ్మాయి:
జాబితాలో పేరు వచ్చిన సాయంత్రమే ఇద్దరు మధ్యవర్తులు వచ్చారు. ఒకాయన అయితే "సీపీఎస్ అయినా ఫర్వాలేదండి" అన్నాడు, తగ్గింపు ధరకి బేరం ఆడుతున్నట్టు! అమ్మ ఆయనకి కాఫీ ఇవ్వలేదు.

చేరాడు. మొదటి వారం పూర్తయింది. పొద్దున బండి మీద స్కూలుకి, సాయంత్రం గట్టు మీదికి. నాన్న పదెకరాల మాట ఎత్తడం లేదు. నిన్న రాత్రి మా మేనమామ వచ్చాడు. అర కేజీ పూతరేకులు తెచ్చాడు, రెండు గంటలు కూర్చున్నాడు, లేస్తూ లేస్తూ చీటీ కాగితాలు తీశాడు. పది లక్షల చీటీ పాడుకున్నాడట, గవర్నమెంటు ఉద్యోగి ష్యూరిటీ కావాలన్నారట.

గోదారి మాస్టారు:
సంతకం పెట్టాడా?

కొబ్బరితోట అమ్మాయి:
ఇంకా శాలరీ స్లిప్పు రాలేదు మావయ్యా అన్నాడు.

గోదారి మాస్టారు:
మంచి పని. వచ్చాక కూడా అదే చెప్పమను. నేను 1998లో ఒక తోడల్లుడికి పెట్టాను, నాలుగేళ్లు నా జీతంలోనే కోత పడింది.