థెరపిస్ట్ ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమన్నారు. తెలుగు మానేయాలా?

చిన్నోడి అమ్మ, మియాపూర్

మా బాబుకి మూడేళ్ల నాలుగు నెలలు. రెండు నెలల క్రితం ఆటిజం అని తేలింది. అప్పటికి వాడికి వచ్చిన మాటలు 11, ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వాటిలో తొమ్మిది తెలుగే. బువ్వ, నీళ్లు, కాకి, వద్దు... ఇలా. మేం వెళ్లే సెంటర్‌లో థెరపిస్ట్, "రెండు భాషలు వింటే కన్‌ఫ్యూజ్ అవుతాడు. ఎలాగూ ఇంగ్లీష్ మీడియమే కదా, ఇంట్లో అందరూ అదే మాట్లాడండి" అన్నారు. మేమిద్దరం మొదలుపెట్టాం. మా అత్తయ్యకి ఇంగ్లీష్ రాదు. పగలంతా వాడికి అన్నం పెట్టేది, స్నానం చేయించేది ఆవిడే. నోరు తెరిస్తే వాడికి ఏం చెడు జరుగుతుందోనని మాట్లాడటమే మానేశారు. ఇదివరకు "ఇది కాకికి, ఇది పిచ్చుకకి" అంటూ ముద్దకో మాట చెప్పేవారు. మొన్న చూస్తే పెరుగన్నం మౌనంగా పెడుతున్నారు. వాడు ప్రతి ముద్దకీ ఆవిడ నోటి వంకే చూస్తున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. మేం చేస్తున్నది సరైనదేనా?

ఫ్రిస్కో నాన్న

మేం మూడేళ్లు ఇంగ్లీష్ ఒక్కటే మాట్లాడాం. మా పాపకి 2018లో ఆటిజం అని చెప్పారు. ఇక్కడ అమెరికాలో మూడేళ్లలోపు పిల్లలకి ప్రభుత్వ ఎర్లీ ఇంటర్వెన్షన్ కింద థెరపిస్ట్ ఇంటికే వస్తారు. తెలుగు ఆపమని ఆవిడ చెప్పలేదండీ, మా అంతట మేమే భయపడి ఆపేశాం. మాకొచ్చింది ఆఫీస్ ఇంగ్లీష్. అది తీసుకో, ఇక్కడికి రా, వద్దు అని చెప్పడానికి సరిపోయింది కానీ, బుజ్జగించడానికీ కబుర్లు చెప్పడానికీ రాలేదు. తెలియకుండానే పాపతో మాట్లాడటం తగ్గిపోయింది. ఇప్పుడు తను ఇంగ్లీష్ బాగానే మాట్లాడుతుంది. గుంటూరులో మా అమ్మ వీడియో కాల్ చేస్తే మాత్రం నేను పక్కన కూర్చుని ఇద్దరికీ అర్థం చెప్పాలి. తెలుగు మానకండి.

పుణె నుంచి ఒక తల్లి

నా మాట కూడా వినండి. మా వాడికి తొమ్మిదేళ్లు. ఐదో ఏడు వచ్చేదాకా ఒక్క మాట లేదు. ఒక వస్తువుకి ఒక పేరు నేర్పడానికే నెలలు పట్టేది. ఇంట్లో 'నీళ్లు' నేర్పాం. స్కూల్లో దాహమేసి అదే మాట అంటే టీచర్‌కి తెలుగు రాదు. అడిగి అడిగి చివరికి నేల మీద పడి తల కొట్టుకున్నాడు. ఆ రోజే తెలుగు ఆపేశాను. నెల తిరిగేసరికి 'వాటర్' అని అడిగాడు. మా అమ్మతో మాట్లాడలేడన్న బాధ నాకూ ఉంది, కానీ ముందు వాడి దాహం తీరాలి కదా.

స్పీచ్ థెరపిస్ట్, విజయవాడ

పుణె అమ్మగారూ, మీరు చేసింది తప్పని అనను. మీ బాబుకి స్కూల్లో పనికొచ్చే మాట కావాలి, అది ఇచ్చారు. కానీ అది రెండు భాషల వల్ల మాట ఆలస్యమైన సంగతి కాదు. ఆ మాటకి ఆధారం లేదు. 2012లో కెనడాలో ఆటిజం ఉన్న 75 మంది పిల్లలపై చేసిన పరిశీలన ప్రచురించారు. రెండు భాషలు వినే పిల్లలకి ఒకే భాష వినేవాళ్ల కన్నా అదనపు ఆలస్యమేమీ కనిపించలేదు. మరి మావాళ్లు అలా ఎందుకు చెప్తారంటే, మేం చదివింది ఇంగ్లీష్‌లో, మా దగ్గరున్న ఫ్లాష్ కార్డులూ ఎక్కువగా ఇంగ్లీష్‌వే. ఆ సౌకర్యం మాది, పిల్లాడిది కాదు.

మియాపూర్ అమ్మా, 11 మాటల్లో తొమ్మిది తీసేస్తే వాడికి మిగిలేది రెండు. అత్తయ్యగారిని మాట్లాడనివ్వండి. రోజూ అదే వేళకి, అదే వరుసలో వచ్చే మాటలు ఇలాంటి పిల్లలు త్వరగా పట్టుకుంటారు. ఒక్క చిన్న మార్పు. "నీళ్లు కావాలా?" అని అడిగితే చాలామంది ఆ ప్రశ్ననే తిరిగి అంటారు. అందుకే వాడు అనాల్సిన మాటే మీరు అనండి: "నీళ్లు కావాలి." సందేహం తీరకపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, అక్కడ ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. స్కూల్ కోసం నీళ్ల బొమ్మ కార్డు ఇవ్వండి. బొమ్మకి భాషతో పని లేదు.

పుణె నుంచి ఒక తల్లి

మేడమ్, కార్డు సంగతి నాకు అప్పుడెవరూ చెప్పలేదు. చెప్పినా 40 మంది ఉన్న క్లాసులో ఆ కార్డు ఎవరు చూస్తారు? రెండు భాషలూ ఉంచుకోమని చెప్పడం తేలికే. స్కూల్‌ని ఒప్పించే పని మాత్రం తల్లి నెత్తినే పడుతుంది. ఆ రోజు నాకు ఆ ఓపిక లేదు.

చిన్నోడి అమ్మ, మియాపూర్

రాత్రి అత్తయ్యకి ఇదంతా చదివి వినిపించాను. "నిజంగా మాట్లాడొచ్చా?" అని మూడుసార్లు అడిగారు. పొద్దున ఇడ్లీ పెడుతూ "ఇది కాకికి" అన్నారు. వాడు నోరు తెరవలేదు. "ఇది పిచ్చుకకి" అనేదాకా ఆగి, అప్పుడు తెరిచాడు. శుక్రవారం సెషన్‌కి ఆవిడ్నీ తీసుకెళ్తున్నాను. పుణె అక్కా, జూన్‌లో మావాణ్ని స్కూల్లో వేయాలి. అడ్మిషన్ అప్పుడే టీచర్‌తో ఏమేం మాట్లాడుకుని ఉంటే బాగుండేదో, మీకు తోచినవన్నీ రాస్తారా?