పాత 1.3 స్విఫ్ట్ ఉంచుకుని ఆటోక్రాస్‌లో దిగాలని ఉంది, బెజవాడ నుంచి ఎలా మొదలెట్టాలి?

పటమట_పెట్రోల్:

నమస్తే అండి అందరికీ. మా ఇంట్లో 2008 స్విఫ్ట్ వీఎక్స్ఐ ఉంది, పెట్రోల్, పాత 1.3 ఇంజన్. నాన్న కొన్నారు, నేను డ్రైవింగ్ నేర్చుకుంది దీంట్లోనే, 2023లో ఆర్సీ ఇంకో ఐదేళ్లకి రెన్యువల్ కూడా చేయించాం. ఇప్పుడు నాన్నకి ఆటోమేటిక్ ఎస్‌యూవీ వచ్చేసింది కాబట్టి దీన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దాం అంటున్నారు. వాళ్లు చెప్పిన రేటు వింటే మా మామ్మ వాళ్ల గేదెకే ఎక్కువ పలికిద్ది అనిపించింది.

నాకైతే ఇవ్వబుద్ధి కావట్లేదు. ఆఫీసుకి ఎలాగూ బైక్ మీదే వెళ్తా, కానీ ఆదివారం తెల్లారకముందే బెంజ్ సర్కిల్ దాటేసి గుంటూరు మీదుగా కొండవీడు వెళ్లి ఘాట్ ఎక్కి దిగొస్తే వారం మొత్తం హాయిగా ఉంటది. బరువు టన్నుకి అటూ ఇటుగానే ఉంటది, స్టీరింగ్ ఇలా అనగానే ముక్కు తిరిగిద్ది, నాన్న కొత్త బండిలో కింద రోడ్డు ఉందో లేదో కూడా చేతికి తెలీదు.

విషయం ఏంటంటే ఈ కారుతో సరిగ్గా, అంటే లైసెన్స్ తీసుకుని, ఆటోక్రాస్ (మైదానంలో కట్టిన దారిలో గడియారం మీద పోటీ) లాంటి వాటిల్లో దిగాలని ఉంది. ఈ ఇంజన్ దానికి పనికొచ్చిద్దా? ఫ్రెండ్ ఒకడు ముందు ఎగ్జాస్ట్ మార్చు, స్ప్రింగులు కోయించి కిందకి దించు, ఇంజన్ గాలికి కోన్ ఫిల్టర్ వెయ్ అంటున్నాడు, అవసరమా? మన వైపు ట్రాక్ లేదు కదా, ఎక్కడికి పోవాలి? దయచేసి అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు అని మాత్రం చెప్పకండి.

ఆటోనగర్_పానా:

తమ్ముడూ ముందు ఆ స్ప్రింగులు కోయించమన్న ఫ్రెండ్‌ని కారు దగ్గరికి రానివ్వకు. నేను ఆటోనగర్‌లో సస్పెన్షన్ పనే చేస్తా, కోసిన స్ప్రింగులతో వచ్చే బళ్లు ఎట్లుంటాయో నాకు తెలుసు. స్ట్రట్ అంటే స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసుండే ముక్క, దాంట్లో షాకబ్జార్బర్‌ని ఆ స్ప్రింగు లెక్క చూసుకునే చేస్తారు, నువ్వు రెండు చుట్లు కోసేస్తే స్ప్రింగు గట్టిపడిద్ది, షాకబ్జార్బర్ మాత్రం పాతదే, గుంటలో పడిన ప్రతిసారీ అడుగుదాకా కొట్టుకుంటది. పైగా ఆటోక్రాస్ ఆడేది మట్టిలో, నీకు ఎత్తు కావాలి గాని కిందకి దించడం దేనికి.

1.3 మంచి ఇంజనే, దాన్ని తక్కువ చేసి చూడకు. 87 హార్స్‌పవర్ 6000 ఆర్‌పీఎం దగ్గర, 113 ఎన్‌ఎం టార్క్ 4500 దగ్గర, అంటే కింద పెద్దగా ఉండదు, తిప్పితేనే లాగిద్ది. ట్రాఫిక్‌లో వాడేవాళ్లకి అది విసుగు, నీలాంటోడికి అదే మజా. 2010లో 1.2 కె సిరీస్ ఇంజన్ ఎందుకొచ్చిందంటే 4 మీటర్ల లోపు కారు 1200 సీసీ దాటకపోతే ఎక్సైజ్ డ్యూటీ తక్కువ, పైగా పొగ మీద బీఎస్4 రూల్స్ కూడా అప్పుడే వచ్చాయి, అంతేగాని ఈ ఇంజన్ పనికిరాక తీసెయ్యలేదు. ఒక్కటే తేడా, ఆ 1.2కి టైమింగ్ చెయిన్, నీదానికి బెల్ట్. ఆ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు ఉంటే వెతుకు, లేకపోతే మార్చలేదనే అనుకో, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంప్ కూడా అదే దెబ్బకి చేయించెయ్. బెల్ట్ సంగతి తేలకుండా 6000 తిప్పొద్దు.

తర్వాత రబ్బరు. మన బెజవాడ ఎండకి ఇన్నేళ్లు ఆరుబయట నిలబడ్డ కారులో లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్ట్రట్ మౌంట్లు, ఇంజన్ మౌంట్లు, కూలెంట్ హోసులు అన్నీ పెళుసుబారి ఉంటాయి, పైకి బాగానే కనపడతాయి. అవి మొత్తం కొత్తవి వేయించి, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చి, అలైన్‌మెంట్ చేయించి ఒక్కసారి నడుపు, ఎగ్జాస్ట్ మాటే మర్చిపోతావు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమ పీల్చుకుంటది తమ్ముడూ, పాతదైతే వరసగా నాలుగు బ్రేకులు గట్టిగా కొట్టేసరికి మరిగిద్ది, పెడల్ మెత్తగా లోపలికి పోయిద్ది, ఘాట్ దిగేటప్పుడు అది జరిగితే ఏంటో ఊహించుకో.

అరండల్‌పేట_నావిగేటర్:

పైన అన్న చెప్పింది కరెక్ట్. నేను గుంటూరు, డ్రైవర్ని కాదు, పక్క సీట్లో కూర్చుని దారి చెప్పే రోడ్‌బుక్ చదివేవాణ్ణి, కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా.

ముందు మోటార్‌స్పోర్ట్ లైసెన్స్. దేశంలో కార్ల రేసులకీ ర్యాలీలకీ పెద్ద ఎఫ్ఎంఎస్‌సీఐ, వాళ్ల దగ్గర లైసెన్స్ తీసుకోవాలి, మామూలు డ్రైవింగ్ లైసెన్స్, మెడికల్ ఫిట్‌నెస్ పేపర్లు రెడీగా పెట్టుకో. భయపడేంత పనేం కాదు.

నన్నడిగితే నీ మొదటి ఈవెంట్ ఆటోక్రాస్ కాదు, టీఎస్‌డీ. టైమ్ స్పీడ్ డిస్టెన్స్ ర్యాలీ అన్నమాట. మామూలు రోడ్డు మీదే, మామూలు స్పీడ్‌లోనే, ఫలానా చోట నుంచి ఫలానా చోటుదాకా గంటకి 36 కిలోమీటర్ల సగటుతో రా అంటారు, మధ్యలో ఎక్కడో టైమ్ కంట్రోల్, అంటే నీ టైమ్ రాసుకునే చోటు, దాచిపెడతారు, లేటైతే పెనాల్టీ, ముందొచ్చినా పెనాల్టీ. విన్నప్పుడు ఇదేం రేసురా బాబూ అనిపించిద్ది, దిగాక తెలుస్తది. ఊళ్లో గేదెలు అడ్డమొచ్చి ఒక నిమిషం పోయింది అనుకో, ఆ నిమిషాన్ని తర్వాత పది కిలోమీటర్లలో ఎక్కడ ఎంత కలపాలో పక్కనోడు లెక్కేస్తుంటే నువ్వు 41 మీద ముల్లు కదలకుండా నడపాలి, మట్టిరోడ్డు మీద. రోడ్‌బుక్‌లో ప్రతి మలుపుకీ చిన్న బొమ్మ ఉంటది, తులిప్ అంటారు, చుక్క దగ్గర మొదలై బాణం వైపు పోవాలి. మొదట్లో ఓడో క్యాలిబ్రేషన్ అని కొంత దూరం ఇస్తారు, నీ కారు మీటరుకీ వాళ్ల కారు మీటరుకీ ఎంత తేడా ఉందో అక్కడే పట్టుకోవాలి, అక్కడ తప్పిందా రోజంతా తప్పే. కొత్త టైర్ వేసినా గాలి తగ్గినా ఆ తేడా మారిపోయిద్ది.

దీనికి కారులో ఏ మార్పూ అక్కర్లేదు. పదిహేడేళ్ల కారైనా రోజంతా ఆగకుండా నడిస్తే చాలు, నీకు కూడా ఏసీ ఆపేసి మే నెలలో పూటంతా కూర్చుని బుర్ర పనిచేసేట్టు ఉంచుకోవడం అలవాటయిద్ది. భార్యాభర్తలు జంటగా దిగి మధ్యాహ్నానికి మాట్లాడుకోవడం మానేసిన కేసులు చాలా చూశా, కాబట్టి నావిగేటర్ని జాగ్రత్తగా ఎంచుకో.

ఆటోక్రాస్ ఆ తర్వాత. ఖాళీ మైదానంలో మట్టిమీద కోన్లు, టేపుతో దారి కడతారు, గడియారం మీదే పోటీ. హెల్మెట్, సీట్ బెల్ట్, ఒళ్లంతా కప్పే కాటన్ బట్టలు, కారులో కదిలే వస్తువులన్నీ తీసెయ్యాలి, పోటీకి ముందు చేసే తనిఖీలో, అంటే స్క్రూటినీలో చూస్తారు. మన చుట్టుపక్కల ఇవి తక్కువే. సౌత్‌లో మోటార్‌స్పోర్ట్ అంటే చెన్నై, కోయంబత్తూరు, బెంగళూరు వైపే, శని ఆదివారాలతో పాటు సోమవారం కూడా లీవు పెట్టుకోవాలి. చెన్నై ఊరిదాకే మనకి 450 కిలోమీటర్లు, ఇరుంగట్టుకోట్టై ట్రాక్ అది దాటి శ్రీపెరుంబుదూర్ వైపు.

గట్టుమీద_గోపి:

ఇంత కష్టం ఎందుకు బ్రో, అదే డబ్బుతో సెకండ్ హ్యాండ్ పోలో తీస్కో. వరల్డ్ ర్యాలీ గెలిచిన కారు. స్విఫ్ట్ అంటే ట్యాక్సీ.

కృష్ణలంక_కామ్‌షాఫ్ట్:

గోపి గారూ, 2013 నుంచి 2016 దాకా వరసగా నాలుగేళ్లు సెబాస్టియన్ ఓజియర్ టైటిల్ కొట్టిన పోలో ఆర్ సంగతేగా మీరనేది. అది 1.6 టర్బో, ఫోర్ వీల్ డ్రైవ్, 300 పైన హార్స్‌పవర్. మనకి ఇక్కడ ఎక్కువమంది కొన్న 1.2 మూడు సిలిండర్ల పోలో 75. రెండిటికీ కలిసేది పేరూ హెడ్‌లైట్లూ. పోలో మంచి కారే, కాదనను, హైవే మీద దాని నిలకడ స్విఫ్ట్‌కి లేదు, టర్బో ఉన్న జీటీ టీఎస్‌ఐ అయితే ఇంకో లెక్క. ఇండియాలో పోలో కప్ అని అందరూ ఒకే మోడల్ కారు నడిపే సింగిల్ మేక్ రేసులు కూడా 2010 నుంచి నడిపారు. కానీ ట్యాక్సీ అన్నారు చూడండి, అక్కడ ఆగలేకపోయా.

స్విఫ్ట్ సూపర్ 1600 కారుతో 2007లో స్వీడన్‌కి చెందిన పీజీ ఆండర్సన్ జూనియర్ వరల్డ్ ర్యాలీ చాంపియన్ అయ్యాడు. అంతకుముందు 2004లో అదే మనిషి సుజుకి ఇగ్నిస్‌తో కొట్టాడు. 2010లో ఆరోన్ బుర్కార్ట్ అనే జర్మన్ మళ్లీ స్విఫ్ట్‌తోనే. అవన్నీ ఫ్రంట్ వీల్ డ్రైవ్, టర్బో లేని 1600 ఇంజన్లు, అంటే వేగం మొత్తం మలుపులో పోగొట్టుకోకుండా మోసుకురావాలి, సరిగ్గా మన పటమట తమ్ముడు కొండవీడు ఘాట్‌లో ఇష్టపడే పని. ఇంకా వెనక్కి పోతే టజిమా అనే జపాన్ ఆయన కల్టస్‌కి ముందొకటి వెనకొకటి రెండు ఇంజన్లు పెట్టి అమెరికాలో పైక్స్ పీక్ కొండ ఎక్కించాడు, కల్టస్ అంటే బయటి దేశాల్లో స్విఫ్ట్ పేరుతో అమ్మినదే. అదే టజిమా 2011లో ఆ కొండని 9 నిమిషాల 51 సెకన్లలో ఎక్కి పది నిమిషాల లోపు ఎక్కిన మొదటి మనిషయ్యాడు, అప్పటి కారు వేరే అనుకోండి.

ఇక తమ్ముడి ఇంజన్ గురించి ఒక మాట, ఇది ఎవరూ చెప్పలేదేంటా అని చూస్తున్నా. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళ్యంలో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఆ కారి అంటే కరివర్ధన్, మారుతి 800 ఇంజన్ పెట్టి ఫార్ములా మారుతి అని చవక సింగిల్ సీటర్లు తయారు చేయించినాయన, 1995లో విమాన ప్రమాదంలో పోయారు. మన దేశంలో డబ్బున్న కొద్దిమంది దాటి రేసింగ్ బయటికొచ్చిందంటే ఆ కార్ల చలవ చాలా ఉంది. తర్వాత అదే దారిలో ఫార్ములా ఎల్‌జీబీ స్విఫ్ట్ అని వచ్చింది, చక్రాలు బయటికుండే సింగిల్ సీటరు, డ్రైవర్ వెనకాల పెట్టింది ఏంటంటే ఈ మారుతి స్విఫ్ట్ 1.3 ఇంజనే. తమ్ముడి బానెట్ కింద ఉన్నదే. ఎంతమంది కుర్రాళ్లు లైన్ అంటే ఏంటో, అంటే మలుపులో కారుని ఏ దారిలో పట్టుకెళ్లాలో, ఆ ఇంజన్ మీద నేర్చుకున్నారో. ట్యాక్సీ అంట.

గట్టుమీద_గోపి:

సర్లే సర్లే, డిజైరు అనబోయి స్విఫ్ట్ అన్నా 😄

పటమట_పెట్రోల్:

కామ్‌షాఫ్ట్ గారు మీ పోస్ట్ నాన్నకి చదివి వినిపించా. ఏమీ అనలేదు గాని సాయంత్రం వెళ్లి కవర్ తీసి కారు తుడుస్తున్నారు.

రెండు డౌట్లు. టీఎస్‌డీలో గాని ఆటోక్రాస్‌లో గాని ఏదైనా తగిలితే ఇన్సూరెన్స్ వచ్చిద్దా? ఎగ్జాస్ట్, కోన్ ఫిల్టర్ వద్దన్నారు సరే, టైర్లు ఒక సైజు వెడల్పు వెయ్యొచ్చా? అమ్మ భయం వేరే, రేసు అంటే రోడ్డు మీద కుర్రాళ్లు కొట్టుకునేదే అనుకుంటుంది.

అరండల్‌పేట_నావిగేటర్:

ఇన్సూరెన్స్ రాదు. పాలసీ కాగితం తీసి మినహాయింపులు చదువు, రేసింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్ లాంటివి రాసుంటాయి. అందుకే రిపేరుకి పెట్టుకోగలిగిన కారుతోనే దిగాలి, ఆ విషయంలో నీ పాత స్విఫ్ట్ కన్నా మంచిది లేదు, తలుపు నొక్కుకుపోయినా సెకండ్ హ్యాండ్ తలుపు దొరికిద్ది.

అమ్మగారికి ఇలా చెప్పు, రోడ్డు మీద రేసు పెడితే మోటార్ వెహికల్ యాక్ట్ 189 సెక్షన్ కింద 5,000 దాకా ఫైను, మూడు నెలల దాకా జైలు ఉంది, ఈవెంట్ పెట్టేవాళ్లు దాన్ని ఆపి మైదానంలోకి తీసుకెళ్లి అంబులెన్స్ పక్కన పెట్టుకుని ఆడిస్తారు అని. ఒకసారి చూడ్డానికి వెంట తీసుకెళ్లు, మధ్యాహ్నానికి ఆవిడే పక్కవాడి టైమింగ్ అడుగుద్ది. కొండవీడులో కూడా నెమ్మది తమ్ముడూ, ఆదివారం పొద్దున కోట చూడ్డానికి పిల్లల్తో వచ్చేవాళ్లుంటారు, నీ మలుపు అవతల ఎవరున్నారో నీకు కనపడదు.

నేషనల్ ర్యాలీల గురించి ఇప్పుడే ఆలోచించకు. రోల్ కేజ్ (కారు లోపల వేసే ఇనప పైపుల చట్రం), బకెట్ సీట్లు, హార్నెస్, మంటలకి ఆగే సూటు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, సర్వీస్ టీం... అది ఇంకో ప్రపంచం. కేజ్ వెల్డింగ్ చేశాక వెనక సీటు పోయిద్ది, ఇక అమ్మానాన్నని పెళ్లికి తీసుకెళ్లే కారు కాదది.

ఆటోనగర్_పానా:

టైర్ల సంగతి నేను చెప్తా. వెడల్పు అంటే పై మోడల్‌కి కంపెనీ ఇచ్చిన 185 సైజు దాకా పర్లేదు, రిమ్ము అదే 14, దానికన్నా పోవద్దు. ఆర్సీలో ఉన్నదానికి తేడాగా బండి మార్చడం 52 సెక్షన్ కిందకి వస్తది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, ఎగ్జాస్ట్ మోత పెట్టుకుని తిరిగితే నిన్ను బెంజ్ సర్కిల్‌లోనే ఆపుతారు. పైగా వెడల్పు ఎక్కువైతే ఈ ఇంజన్‌కి బరువే. వెడల్పు కన్నా వయసు చూడు ముందు, టైర్ పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం చేసింది. చాలా ఇళ్లలో తక్కువ తిరిగిన కార్లకి అరుగు బాగానే ఉండి రబ్బరు రాయిలా అయిపోయి ఉంటది, కొండవీడు మీద వాన పడితే అప్పుడు తెలిసిద్ది. అలాంటివైతే నాలుగూ ఒకేసారి మార్చు, కొత్తవి రెండు ముందు వేసి పాతవి వెనక్కి తోశావనుకో, మలుపులో భయమేసి యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక భాగం ముందుకొచ్చేసిద్ది.

హ్యాండ్‌బ్రేక్ కూడా బిగించుకో, ఆటోక్రాస్‌లో కోన్ చుట్టూ తిప్పడానికి అదే, నీదాంట్లో కేబుల్‌తో వెనక డ్రమ్ములకి వెళ్లేది, కేబుల్ సాగిపోయి ఉంటే ఒక్క చక్రమే పట్టిద్ది.

బెల్ట్ బిల్లు దొరికిందా? దొరక్కపోతే ఆదివారం తప్ప ఏ రోజైనా పొద్దున పదిలోపు తీసుకురా. వచ్చేటప్పుడు ఇంజన్ వేడి చేసి తేకు, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వింటా.

పటమట_పెట్రోల్:

బిల్లు లేదన్నా. గురువారం తెస్తా, నాన్న కూడా వస్తానంటున్నారు.