ఎనామెల్ (పంటి గట్టి పైపొర) అరిగిపోకుండా ఇంట్లోనే పళ్ళను తెల్లబరచుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. టీ, కాఫీల వల్ల కింది ముందుపళ్ళ లోపలివైపున, పళ్ళ సందుల్లోనూ గోధుమరంగు మరకలు ఏర్పడ్డాయి. పైపళ్ళు మాత్రం మరకలేమీ లేకుండానే, అంతటా ఒకే తీరుగా లేత పసుపుగా ఉన్నాయి. చల్లని నీళ్ళు తాగితే పళ్ళు కొద్దిగా జివ్వుమంటాయి కాబట్టి, ఎంత ఆలస్యమైనా సరే, సున్నితమైన పద్ధతినే ఎంచుకోవాలని నా పట్టుదల.

నిమ్మరసంలోని ఆమ్లం ఎనామెల్‌ను కరిగిస్తుందనీ, బొగ్గుపొడితో గట్టిగా తోమితే అది అరిగి, అడుగునున్న పసుపురంగు డెంటిన్ మరింత బయటపడుతుందనీ, పోయిన ఎనామెల్ మళ్ళీ పెరగదనీ చదివాక ఆ రెండింటినీ పక్కన పెట్టేశాను. వంటసోడా పైమరకలను తొలగించగలదే తప్ప పంటి లోపలి రంగును మార్చలేదని కూడా అర్థమైంది.

ఇక మిగిలింది పళ్ళను తెల్లబరచే 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్. పళ్ళు జివ్వుమనే గుణం ఉన్నవారు దీనిని రోజు విడిచి రోజు వాడితే సరిపోతుందా? ముందుగా పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టుతో కొన్నాళ్ళు తోముకుని మొదలుపెడితే ఆ బాధ నిజంగా తగ్గుతుందా? జెల్ చిగుళ్ళకు అంటకుండా మీరు ఏ జాగ్రత్త తీసుకున్నారు? సందుల్లో గట్టిపడినది మరక కాక గార అయితే, దానిని దంతవైద్యుల చేత తీయించుకున్న తరువాతే జెల్ మొదలుపెట్టడం మంచిదని నాకు అనిపిస్తోంది. ఇదే క్రమంలో చేసినవారు ఎవరైనా ఉంటే, ఫలితం ఎన్నాళ్ళు నిలిచిందో కూడా దయచేసి వివరంగా తెలియజేయగలరు.