అప్‌డేట్: పామాయిల్ లేకుండా కొబ్బరినూనె సబ్బు

కోనసీమలో మా అత్తయ్యగారు, ఆడపడుచు, నేను కలిసి చేసే సబ్బు గురించి అడిగాను కదా, పామాయిల్ వద్దనుకుని అచ్చం కొబ్బరినూనెతో చేస్తే ఒళ్లు పొడిబారుతోంది, ఏం చేయాలి అని. చాలామంది సూపర్‌ఫ్యాట్, అంటే సబ్బుగా మారకుండా మిగిలే నూనె, పెంచమన్నారు. అదే పనిచేసింది, అందరికీ థాంక్స్!

కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారడానికి దాదాపు 183 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. ఇప్పుడు 146 గ్రాములే వేస్తున్నాం. అంటే దాదాపు ఐదో వంతు నూనె సబ్బులో అలాగే మిగిలి చర్మానికి మెత్తదనం ఇస్తోంది. ఇంత నూనె మిగిలితే నురగ రాదేమోనని టెన్షన్ పడ్డాం కానీ బాగానే వస్తోంది, కొబ్బరినూనెలో దాదాపు సగం బాగా నురగనిచ్చే లారిక్ ఆమ్లమే కాబట్టి. ఆరు వారాలు ఆరనిదే అత్తయ్యగారు ఒక్క సబ్బు కూడా ఎవరికీ ఇవ్వనివ్వరు.

లైసెన్స్ గురించి కూడా అడిగారు. ఇంట్లో చేసినా సరే, అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీ లైసెన్స్ తీసుకోవాలి. అప్లై చేశాం, వచ్చేదాకా అమ్మకాలు లేవు.

లేబుల్ మీద 'ఆర్గానిక్' అని వేయడం లేదు. కాయలు మా తోటవే, మందులు కొట్టం, కానీ సర్టిఫికెట్ లేదు. వాడినవన్నీ మాత్రం రాస్తాం. కాస్టిక్ సోడా పేరు చూస్తే జనం భయపడతారని ఆడపడుచు అంటోంది. నేనైతే దాచడానికి ఒప్పుకోను.