అప్‌డేట్: ఆ నైరూప్య చిత్రం గురించి చివరికి ఏం చెప్పానంటే

తోటి విద్యార్థిని ఆయిల్ పాస్టెల్స్‌తో వేసిన నైరూప్య చిత్రం (ఫలానా వస్తువని పోల్చుకోలేని, రంగులూ గీతలే ఉన్న బొమ్మ) గురించి క్లాసులో మాట్లాడాలి, "బాగుంది" తప్ప మరో మాట తోచడం లేదని పోయిన వారం అడిగాను. "అర్థం వెతకవద్దు, కంటికి కనిపించింది, మనసుకు తగిలింది చెప్పు" అన్నారు మీరు. అలాగే చేశాను.

ముందు పది నిమిషాలు ఊరికే చూశాను. అడుగున పసుపు, దాని మీద మందంగా ముదురు నీలం. ఆ నీలాన్ని ఏదో మొనతో గీకితే కింది పసుపు సన్నటి గీతలుగా బయటపడింది. ఒక మూల రంగును వేలితో రుద్దిన చోట వేలిముద్ర అలాగే ఉంది. (ఈ రంగుల్లో మైనం, ఆరని నూనె ఉంటాయి, ఎన్నాళ్లైనా పూర్తిగా గట్టిపడవు. అందుకే ముట్టుకోలేదు.)

క్లాసులో ఇలా అన్నాను: "కరెంటు పోయిన రాత్రి మా అమ్మమ్మ ఇంట్లో తలుపు సందుల్లోంచి పడే లాంతరు వెలుగు గుర్తొచ్చింది. భయం వేయలేదు. ఎవరో మేలుకుని ఉన్నారన్న ధైర్యం కలిగింది." కుడి అంచున ఉన్న ఎర్ర చుక్క మాత్రం నా చూపును పక్కకు లాగుతోందని కూడా చెప్పాను.

తను కాసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్ల నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రుళ్లు పక్కన కూర్చుని వేసిందట. ఎర్ర చుక్కను ఉంచేస్తానంది. "ఎవరో మేలుకుని ఉన్నారు" అన్న మాటను చిత్రం వెనక పెన్సిలుతో రాసుకుంది.

రేపు ఇద్దరం ఫ్రేము కట్టించడానికి వెళ్తున్నాం. రంగు అద్దానికి అంటుకోకుండా మధ్యలో కాస్త ఖాళీ ఉంచమని చెప్పాలి.