అప్‌డేట్ తర్వాత డిస్క్ 100%: ముందు చెక్‌డిస్కా, ముందు కాపీనా?

మారతహళ్లి_పీజీ:
నాన్న లాప్‌టాప్ ఊరి నుంచి తెప్పించాను. 2019ది, 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా అని 11కి మార్చాను. అప్పట్నుంచి టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100% దిగట్లేదు, ఆన్ చేసినప్పుడల్లా స్కానింగ్ అండ్ రిపేరింగ్ అని వచ్చి గంటలు తినేస్తోంది. ఎస్పీ రోడ్‌లో ఒక షాపులో చూపిస్తే ఫార్మాట్ కొట్టేద్దాం అన్నారు. రూమ్మేటేమో చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ (విండోస్‌లోనే ఉండే డిస్క్ రిపేర్ కమాండ్) పెట్టి పడుకో, పొద్దున్నకి సెట్ అవుతుందంటాడు. పొలం కాగితాల స్కాన్లు, అక్క పెళ్లి ఫొటోలు అన్నీ డీ డ్రైవ్‌లోనే, ఇంకెక్కడా కాపీ లేదు. ఎవరి మాట వినాలి?

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:
రూమ్మేట్ మాటే కరెక్ట్ బ్రో. ఫైల్ సిస్టమ్ గజిబిజి అయితే సరిచేయడానికేగా చెక్‌డిస్క్ ఉన్నది. వెనకాల నడుస్తూ డిస్క్‌ని వాడే సిస్‌మెయిన్, విండోస్ సెర్చ్ సర్వీసులు కూడా ఆపెయ్. అప్‌డేట్లు కొంప ముంచడం కొత్తేం కాదు, 2018 అక్టోబర్ అప్‌డేట్‌లో కొందరి ఫైళ్లే పోతే మైక్రోసాఫ్ట్ దాన్ని మధ్యలో ఆపేసింది. 10 రోజులు దాటకపోతే సెట్టింగ్స్‌లో గో బ్యాక్ ఉంటుంది, పాత విండోస్‌కి వెనక్కి వెళ్లిపో.

పాతఇనుము:
తమ్ముడూ, ఈ రాత్రికి చెక్‌డిస్క్ జోలికి పోకు, గో బ్యాక్ కూడా వద్దు, అదీ డిస్క్ మీద బోలెడు రాస్తుంది. స్లాష్ ఆర్ అంటే మొదటి నుంచి చివరి దాకా ప్రతి సెక్టారూ, అంటే డిస్క్‌లోని ప్రతి చిన్న గడీ, చదవడం, డిస్క్ ఇప్పటికే కొన ఊపిరితో ఉంటే ఆ గంటల్లోనే పోవచ్చు. పైగా దానికి కావలసింది ఫైల్ సిస్టమ్ లెక్క కుదరడం, నీ ఫొటోలు కాదు. లెక్క తేలని ముక్కల్ని ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో పేర్లు లేకుండా పడేసి, డ్రైవ్ బాగైందని చెప్పేస్తుంది. తర్వాత వాటిలో పెళ్లికూతురు ఏ ముక్కలో ఉందో వెతుక్కోవాలి.

ముందు జబ్బేంటో చూడు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో డిస్క్. డేటా కదులుతూ, ప్రాసెసెస్ జాబితాలో పైన ఇండెక్సింగో (సెర్చ్ కోసం ఫైళ్ల పట్టిక తయారీ) డిఫెండరో (విండోస్ యాంటీవైరస్) కనిపిస్తుంటే పెద్ద అప్‌డేట్ తర్వాత మామూలే, ఛార్జర్ పెట్టి వదిలేస్తే తగ్గుతుంది. 100% చూపిస్తూ వేగం సున్నా దగ్గరే ఉండి, రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లకి పోతే మాత్రం డిస్క్ ఒకే చోట పదేపదే తంటాలు పడుతోందని. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్ వేసి, పాడైన సెక్టార్ల లెక్క చెప్పే 05, సీ5, సీ6 వరుసలు ఇక్కడ పెట్టు. డేటా బదిలీలో తప్పుల లెక్క అయిన సీ7 ఒక్కటే పెరుగుతుంటే కేబుల్ అనుమానించాలి.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:
అప్‌డేట్ ముందు రోజు దాకా బాగా నడిచిన డిస్క్ తెల్లారేసరికి పోయిందా అన్నా? 2025 ఆగస్టు అప్‌డేట్‌కి ఎస్‌ఎస్‌డీలు మాయమవుతున్నాయని ఎంత గోల అయింది!

హెచ్ఎస్ఆర్_అక్క:
గోల అయింది, తేలిందేంటి? ఎస్‌ఎస్‌డీల కంట్రోలర్ చిప్‌లు చేసే ఫైసన్ కంపెనీ 4,500 గంటలకు పైగా పరీక్షించి ఆ లోపాన్ని మళ్లీ రప్పించలేకపోయామంది, మైక్రోసాఫ్ట్ కూడా సంబంధం కనపడలేదంది. అది ఎస్‌ఎస్‌డీల సంగతి, ఇక్కడున్నది హార్డ్ డిస్క్. ఏళ్ల తరబడి ముట్టుకోని చోట్లను కూడా అప్‌డేట్ కదుపుతుంది, గిగాబైట్ల కొద్దీ చదివి రాస్తుంది, అప్పటిదాకా బయటపడని బలహీనమైన సెక్టార్లు అప్పుడు దొరికిపోతాయి. నింద మాత్రం అప్‌డేట్‌కి.

మారతహళ్లి_పీజీ:
చూశాను. వేగం దాదాపు సున్నా. సీ5 పక్కన పసుపు, రా వాల్యూ చివర 38 అని ఉంది. 38 అంటే తక్కువేనా అక్కా?

హెచ్ఎస్ఆర్_అక్క:
అది హెక్సాలో (పదహార్ల లెక్కలో) చూపిస్తుంది, మన లెక్కలో 56. చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లన్నమాట. విండోస్ ఆన్ చేయడం ఇక మానేయ్. ఉబుంటు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, డీ డ్రైవ్‌ని రీడ్ ఓన్లీగా (ఏమీ రాయకుండా, చదవడానికి మాత్రమే) తెరిచి, బయటి డ్రైవ్‌కి కాపీ పెట్టు. ముందు పొలం కాగితాలు, అవి చిన్నవి. డ్రైవ్ బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్‌కి వేసే తాళం) కీ అడిగితే అది 48 అంకెలది, మీ నాన్నగారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉండొచ్చు.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:
కాపీ సరే. తర్వాతైనా క్లోన్ (డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ) చేయమని చెప్పకండి, ఈ గందరగోళం విండోస్‌ని కొత్త ఎస్‌ఎస్‌డీలోకి మోయడం దండగ. ఫ్రెష్‌గా వేయాల్సిందే.

పాతఇనుము:
దాంట్లో నీతో గొడవ లేదు. కాకపోతే విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా వేస్తే చాలా మెషీన్లలో ఎన్‌క్రిప్షన్ (ఆ బిట్‌లాకర్ తాళమే) దానంతటదే ఆన్ అవుతుంది. ఆ కీ కాగితం మీద రాసి నాన్నకి ఇవ్వండి, పాస్‌వర్డ్ మర్చిపోయే వయసు.

మారతహళ్లి_పీజీ:
కాగితాలన్నీ వచ్చేశాయి! ఫొటోల దగ్గర ఒక ఫైల్ మీద ఆగిపోయింది, కదలట్లేదు. ఎదురుచూడనా?

పాతఇనుము:
వద్దు. దాన్ని వదిలేసి మిగతావి లాగు. మిగిలిపోయిన వాటికి చివర్లో డీడీరెస్క్యూ (పాడైన డిస్క్ నుంచి డేటా లాగే టూల్) వాడదాం, అది బాగున్న చోట్లన్నీ ముందు తీసుకుని మొండి చోట్లకి ఆఖర్న వస్తుంది. డిస్క్ అంతా పట్టే ఖాళీ డ్రైవ్ ఒకటి ఉందా నీ దగ్గర?