పట్నంల రెండ్రోజులు: మనసు నిండుతదా, పానం తీస్తదా?

హన్మకొండ టీచరమ్మ: దసరా సెలవులల్ల ఒక్కదాన్నే పట్నం పోయి రెండ్రోజులు ఉండి వచ్చిన. సాలార్‌జంగ్ మ్యూజియంల గడియారం ముందట చిన్నపిల్ల లెక్క కూసున్న. తలుపు తెరుసుకొని గడ్డపాయన బొమ్మ బయటికొస్తది, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపటికి పోతది. ఒకటో సాలార్‌జంగ్ 1876ల ఇటలీ నుంచి తెచ్చిన రెబెకా బొమ్మ సంగతి చెప్పనే వద్దు. మొకం మీది ముసుగు పాలరాయే, కానీ పల్చటి బట్టలెక్కనే కనవడుతది. శుక్రవారం మాత్రం పోకుండ్రి, బందుంటది. మీకెట్లనిపించింది పట్నం?

కాజీపేట కాక: ఉప్పల్‌ల బస్సు దిగంగనే నాకు పట్నం మీద మనసిరిగింది. చార్మినార్‌కు ఆటోకు 600 అన్నడు. సగం దూరం పోయినంక దారి బందున్నది, ఇంకో వంద ఇయ్యిమన్నడు. హన్మకొండ నుంచి ఉప్పల్ మూడు గంటలు, ఉప్పల్ నుంచి చార్మినార్ రెండు గంటలు. గిదేం న్యాయం?

పరకాల పిలగాడు: ఆటో ఎందుకెక్కినవ్ కాకా? ఉప్పల్‌ల మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌ల మారి, ఎంజీబీఎస్‌ల దిగాలె. 2020 నుంచే ఉన్నది గా లైను.

కాజీపేట కాక: చార్మినార్ దాకా మెట్రో ఉన్నదా లేదా? గదొక్కటి చెప్పు.

పరకాల పిలగాడు: లేదు. ఆడికెల్లి ఇంకో రెండు కిలోమీటర్లుంటది.

కాజీపేట కాక: మరి గదే కదా నేను చెప్పేది! మోకాళ్లు నొచ్చేటోళ్లు ఎట్ల నడువాలె?

జనగామ బండి: రైలుకు పోయి సికింద్రాబాద్‌ల దిగుండ్రి, లొల్లే లేదు.

ఓరుగల్లు కోట: వేయిస్తంభాల గుడి 1163ది, చార్మినార్ 1591ది. ఇంటి పక్కనే గంత సొత్తు పెట్టుకొని పట్నం ఎందుకు ఉరుకుతరో!

హన్మకొండ టీచరమ్మ: ఏది పాతదని నేనడగలే అన్నా.

కాజీపేట కాక: ఇల్లు, పిల్లల పట్టింపు లేనోళ్లకు ఏ ఊరైనా మంచిగనే ఉంటది.

హన్మకొండ టీచరమ్మ: గా మాట వాపస్ తీసుకోండ్రి. ఇరవై రెండేండ్లాయె, పొద్దుగాల వంట, పగలు బడి, రాత్రి మళ్ల వంట. హన్మకొండ చౌరస్తల ఒక్కదాన్నే నిలవడి చాయ్ తాగితే పొద్దుగూకేలోపు మా అత్తమ్మ చెవుల పడుతది. టాంక్‌బండ్ మీద గంటన్నర కూసున్న. ఎవరి కోడలివి, ఎందుకొచ్చినవ్ అని ఒక్కలు అడగలే. నాకు గడియారం కన్న గదే ఎక్కువ నచ్చింది.

జనగామ బండి: కాకా, తప్పు మాట్లాడినవ్.

కాజీపేట కాక: తప్పైంది బిడ్డా, మనసుల పెట్టుకోకు. నేను పోయింది చార్మినార్ చూసెటందుకు కాదు. మా పిలగాడు మాదాపూర్‌ల ఉంటడు. బస్సు దిగి ఫోన్ చేస్తే "బాపూ, ఆఫీసుల ఉన్న, ఆదివారం రారాదు" అన్నడు. ఇంటికి వాపస్ పోతే మా ఆడామె అడుగుతదని చార్మినార్ దిక్కు పోయిన. పొద్దంత తిరిగితే అన్నం తిన్నవా అన్న మనిషి లేడు. నిన్ను ఎవ్వలు అడగలేదని నీకు పానం నిమ్మలమైంది. నాకు గక్కడ్నే ఏడుపొచ్చింది.

ఓరుగల్లు కోట: మా ఇంట్ల ఇద్దరు గక్కడ్నే ఉన్నరు. ఈడ కొలువుంటే ఎందుకు పోతరు కాకా?

హన్మకొండ టీచరమ్మ: కాకా, ఆదివారం పోండ్రి. ఉప్పల్‌ల మెట్రో ఎక్కితే మాదాపూర్ స్టేషన్‌ల దిగుడే, నడుమ మారే పని లేదు.

కాజీపేట కాక: మెట్లెక్కాల్నా?

హన్మకొండ టీచరమ్మ: లిఫ్టున్నది కాకా.